అప్‌డేట్: మియాపూర్ ఫ్లాట్ అమ్మేశాం, డబ్బు లెక్క తేలింది

నా పేరు, మా ఆయన పేరు మీద ఉన్న మియాపూర్ ఫ్లాట్ అమ్మితే, విడాకుల కేసులో ఆ డబ్బు ఎలా పంచుతారని అడిగాను కదా. మన దగ్గర చెరి సగం అనే రూలేమీ లేదట. దస్తావేజులో ఎవరి పేరుంది, ఎవరెంత కట్టారు అన్నదే చూస్తారని లాయర్ గారు చెప్పారు. డౌన్ పేమెంట్ ఆయనది, ఈఎంఐలు ఎక్కువగా నావి. నా బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టాక మావయ్యగారి గొంతు కాస్త తగ్గింది. లోన్ తీర్చేశాక మిగిలినదాంట్లో నాకు 60, ఆయనకు 40 శాతం అని రాసుకుని, ఆ ఒప్పందాన్ని 13-బి (ఇద్దరి అంగీకారంతో విడాకులు) పిటిషన్‌కి జత చేసి ఫ్యామిలీ కోర్టులో వేశాం. కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ (మాకిచ్చే డబ్బులోంచి ముందే కోసి కట్టే పన్ను) మా ఇద్దరి పాన్‌ల మీదా విడివిడిగా కట్టి, డీడీలు కూడా వేరువేరుగానే ఇచ్చారు. నగల పంచాయితీ మాత్రం ఇంకా నడుస్తోంది.