గడువు దాటితే ఏమవుతుందో ముందే రాసిపెట్టాలా, లెక్చరర్ ఇష్టానికి వదిలేయాలా?

ఫైనలియర్:
మా కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు: "గడువు మీరిన అసైన్‌మెంట్లు సాధారణంగా స్వీకరించబడవు. సహేతుక కారణమున్నచో విభాగాధిపతి విచక్షణ మేరకు పరిశీలించబడును." ఎన్ని రోజులకి ఎన్ని మార్కులు పోతాయి? జ్వరం సహేతుకమా, పార్ట్‌టైమ్ ఉద్యోగంలో షిఫ్ట్ మారడమా? ఇవన్నీ ముందే రాయాలంటాను. మీరేమంటారు?

రిటైర్డ్ లెక్చరర్:
"మెడికల్ సర్టిఫికెట్ ఉంటే మూడు రోజులు" అని రాశావనుకో బాబూ, ఇంట్లో చావు జరిగినవాడి గతేంటి? మా చేతికి వదిలేస్తే మనిషిని చూసి సర్దుబాటు చేస్తాం. పైగా రూల్ రాసిన మర్నాడే సందులు వెతికేవాళ్లు తయారవుతారు.

అర్ధరాత్రి అప్‌లోడ్:
మనిషిని చూసి చేయడమే కదా మాస్టారూ తంటా! మీ గది తలుపు తట్టే చొరవ ఉన్నవాడికే ఆ సర్దుబాటు దొరుకుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి అసలు అడగొచ్చని తెలీదు, మార్కులు పోయాయని ఊరుకుంటాడు. సిలబస్‌లో లేకపోయినా నెగ్గుకురావాలంటే నేర్చుకోక తప్పని ఇలాంటి సంగతుల్ని అమెరికా విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ 1968లోనే 'దాగిన పాఠ్యప్రణాళిక' అన్నాడు. ఆయన రాసింది బడుల గురించి. కాలేజీలకి ఇంకా బాగా అతుకుతుంది.

నేనైతే ఇలా రాస్తాను: "ఆలస్యమైన ప్రతి రోజుకీ 10 శాతం మార్కులు తగ్గుతాయి. ఐదు రోజులు దాటితే సున్నా. సెమిస్టర్‌కి ఒకసారి, కారణం చెప్పకుండానే రెండు రోజులు అదనంగా తీసుకోవచ్చు. అంతకన్నా పెద్ద కష్టమొస్తే ఈ ఫారం నింపండి, మూడు పనిదినాల్లో జవాబిస్తాం." మీరన్న చావింటివాడికి ఆఖరి వాక్యంలో చోటుంది. జవాబుకి గడువు పెట్టింది మాత్రం కావాలనే. గడువులు స్టూడెంట్లకేనా?

క్రెడిట్ల లెక్క:
ఆలస్యమెందుకవుతోందో కూడా చూడండి. యూరప్ యూనివర్సిటీల్లో చదువు భారాన్ని కొలిచే ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, ఇంట్లో చదువుతో కలిపి. ఏడాదికి 60 క్రెడిట్లు. గంటలు అలా రాసి ఉంటే, మూడు సబ్జెక్టుల వాళ్లూ ఒకే వారంలో ప్రాజెక్టులు పడేసినప్పుడు లెక్క తీసి అడగొచ్చు.

రిటైర్డ్ లెక్చరర్:
రెండు రోజుల ఏర్పాటు బానే ఉంది. కానీ గ్రూప్ ప్రాజెక్టులో నలుగురిలో ఒకడు అది వాడుకుంటే మిగతా ముగ్గురూ కాచుక్కూర్చోవాలా? నేను చెప్పిన సందు ఇదే.

ఫైనలియర్:
నలుగురూ ఒప్పుకుంటేనే అని అక్కడే ఇంకో ముక్క చేర్చేస్తే పోయె. ఈ ముసాయిదా ముందు ఫస్టియర్ వాళ్లచేత చదివిస్తా. వాళ్లకి ఎక్కడ అడ్డం పడిందో సోమవారం ఇక్కడే పెడతాను.