ఇడిటరాడ్ కుక్కల రేసుకి వాలంటీర్‌గా వెళ్లడం కరెక్టేనా?

వెన్నెల_అలాస్కా:
అందరికీ నమస్తే. మార్చిలో ఇడిటరాడ్‌కి వాలంటీర్‌గా పేరిద్దామని ఉంది, అదేనండీ అలాస్కాలో ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు మంచులో కుక్కలు స్లెడ్ (మంచుబండి) లాగే రేసు. మా ఆయనేమో అది జంతుహింసకి ఊడిగం చేయడమే అంటున్నారు. వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

గోదారోడు:
మీ ఆయన మాటే నిజమండీ. 2024 రేసులో మూడు కుక్కలు చనిపోయాయి. అలాస్కా ఎయిర్‌లైన్స్, ఎక్సాన్‌మొబిల్ లాంటి స్పాన్సర్లే తప్పుకున్నారు. అసలా రేసు నడిచేదే వాలంటీర్ల మీద, మీరంతా రామంటే ఆగిపోతుంది. సంక్రాంతి కోడిపందేలు ఆపాలని గొంతు చించుకునేవాళ్లం అక్కడికెళ్లి చప్పట్లు కొడతామా?

ఎర్రలాంతరు:
గోదారోడు గారూ, కోడికి కత్తి కట్టేదే చంపడానికి. ఇక్కడ కుక్క నీరసపడితే చెక్‌పాయింట్లో దింపేయొచ్చు, డజనుకి పైగా కుక్కలతో బయల్దేరి 5 మిగిలినా రేసు పూర్తిచేయొచ్చు. అలా దింపేసినవాటిని వాలంటీర్ పైలట్లు చిన్న విమానాల్లో వెనక్కి తెస్తారు, నేను వాలంటీర్‌గా చేసింది ఆ కుక్కల దగ్గరే. గడ్డి పరిచి కట్టేస్తాం, వెట్ (పశువుల డాక్టర్) వచ్చి భుజాల మీద చర్మం పట్టి లాగి వదుల్తారు, అది వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు, తర్వాత ముందుకాలు మడిచి చూస్తారు, నొప్పుంటే కుక్క కాలు లాగేసుకుంటుంది. తిన్నదా లేదా మేం రాసిపెట్టాలి, రేసులో రోజుకి 10,000 కేలరీల దాకా తినే కుక్క గిన్నె వైపే చూడట్లేదంటే ఏదో తేడా ఉందనే. రేసు తప్పే అనుకుందాం, ఆ రాత్రి దాని పక్కన మనిషి ఉండొద్దా చెప్పండి?

గోదారోడు:
ఉండాలి, కాదనను. కానీ మీరు చూసుకుంటారన్న ధీమాతోనే కదా వాళ్లు ఏటా రేసు పెడుతున్నారు.

ఎర్రలాంతరు:
ఆ మాట నన్నూ తొలుస్తుంది. అయితే నాకు రేసు జరిగే ఆ పది పన్నెండు రోజులకంటే మిగతా ఏడాది గురించే ఎక్కువ బాధ. రేసులో ఒక చోట 24 గంటలు ఆగి తీరాలి, అది కాక రెండు 8 గంటల రెస్టులు, చెక్‌పాయింట్లలో చూడ్డానికి వెట్లు ఉంటారు. ఇంటి దగ్గర? చాలా కెన్నెల్స్‌లో, అంటే రేసు కుక్కల్ని పెంచేచోట, కుక్కని గొలుసేసి ఓ చిన్న గూడు పక్కన కట్టేస్తారు, గొలుసు ఎంత పొడుగుంటే అంతే దాని లోకం. అక్కడ మనలాంటోళ్లు ఎవరూ ఉండరు. వెన్నెల గారూ, మీరు వెళ్లండి, స్టార్టింగ్ దగ్గర జనం బాగానే దొరుకుతారు గానీ దింపేసిన కుక్కల దగ్గర డ్యూటీ కావాలని అడగండి, ఏ కాస్త తేడా కనిపించినా మొహమాటపడకుండా వెట్‌కి చెప్పండి.

గోదారోడు:
మరైతే గొలుసేసి పెంచే కెన్నెల్స్‌కి ఎంట్రీ ఇవ్వొద్దని వాలంటీర్లంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. అడిగే దమ్ముంటే మొదటి సంతకం నాదే.

వెన్నెల_అలాస్కా:
మా ఆయనకి ఇదంతా చదివి వినిపించా. రెండో సంతకం ఆయనదట. ఎర్రలాంతరు గారూ, లెటర్ మీరు మొదలుపెడతారా?