ఉగాది స్టేజీ మీద హాకా చేయించొచ్చా?

ఆక్లాండ్ అమ్మ:
మా తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రామ్‌లో మావాడూ ఇంకో ఐదుగురు పిల్లలూ 'కా మాటే' అనే హాకా చేస్తామంటున్నారు. హాకా అంటే ఇక్కడి న్యూజిలాండ్ మూలవాసులు మావోరీల సంప్రదాయ నృత్యం. స్కూల్లో నేర్చుకున్నారు. కాటుకతో ముఖాల మీద మావోరీల పచ్చబొట్టు గీతలు కూడా గీయమంటున్నారు. కమిటీలో సగం మంది సరేనన్నారు, సగం మంది వద్దన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

రగ్బీ పిచ్చోడు:
నిక్షేపంగా చేయనివ్వండి. మన న్యూజిలాండ్ రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్ మ్యాచ్‌ల ముందు హాకా చేస్తారు కదా, ప్రపంచమంతా చూస్తోంది. వేరేవాళ్ళొచ్చి మనతో బతుకమ్మ ఆడితే మనం మురిసిపోమా?

వెల్లింగ్టన్ వాసి:
బతుకమ్మతో పోలిక నాకు సగమే నచ్చింది. బతుకమ్మ ఊరందరిదీ. 'కా మాటే' అలా కాదు, దానికి కర్త ఉన్నాడు. న్గాటి టోవా తెగ నాయకుడు టె రౌపరాహా సుమారు 1820లో కట్టాడు. శత్రువులు తరుముకొస్తుంటే రోటోఐరా సరస్సు దగ్గర కుమరా దాచే గోతిలో నక్కాడట. కుమరా అంటే మన చిలగడదుంపే. ఆ గోతి పైన టె రంగికోఏయా అనే ఆవిడ కూర్చుని ఆయన్ని కాపాడింది. చావా, బతుకా అని లోపల బిక్కుబిక్కుమన్న మనిషి, బయటికొచ్చి ఎండ చూసి పాడిన పాట అది. 2014లో చట్టం కూడా వచ్చింది. వ్యాపారానికి వాడుకుంటే కర్తగా ఆయన పేరు చెప్పి తీరాలి. పిల్లలు చేయకూడదని అందులో లేదు.

ఇంకోటి, హాకా అంటే యుద్ధనృత్యం ఒక్కటే అనుకోవద్దు. అతిథి వస్తే చేస్తారు, మనిషి పోతే చేస్తారు. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడి జరిగాక, చనిపోయినవాళ్ళ కోసం స్కూలు పిల్లలు రోడ్డు మీదే చేశారు. అందులో ఏడుపుంది, కోపముంది, మేమున్నామనే ధైర్యముంది. అర్థం తెలిసి చేస్తే నాకు అభ్యంతరం లేదు.

కాటుక గీతలు మాత్రం వద్దమ్మా. ఆ పచ్చబొట్టుని మోకో అంటారు, అది అలంకారం కాదు. ఆ గీతల్లో ఆ మనిషి వంశం, పూర్వీకులు ఉంటారు. పైగా మావోరీలకు తల చాలా పవిత్రం. తిండి పెట్టే బల్ల మీద కూర్చోవడం కూడా తప్పే. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకి ఇది విడమరచి చెప్పాలా?

రగ్బీ పిచ్చోడు:
గీతల సంగతి ఒప్పుకుంటాను. కానీ పదేళ్ళ పిల్లలకి ఇన్ని షరతులు పెడితే అసలు నేర్చుకోవడమే మానేస్తారండీ.

హామిల్టన్ తాతయ్య:
మానరు బాబూ. మా మనవరాలికి తెలుగు పద్యాలు తెలియవు గానీ మావోరి పాటలు అర్థంతో సహా చెప్తుంది. బడిలో ఒకప్పుడు మావోరి మాట్లాడితే బెత్తంతో కొట్టేవారట. 1987లో గానీ అది అధికార భాష కాలేదు. అంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని మన వేడుకలో వాడుకునే ముందు ఒక మాట అడగడం భారమా?

ఆక్లాండ్ అమ్మ:
ఇవాళ బడికెళ్ళి మావోరి టీచరుగారిని అడిగాను. వద్దనలేదు. "ఇది ఎవరిదో ముందు పిల్లలతో చెప్పించండి" అన్నారు. మావాడికి గోతి కథ తెలుసు గానీ, పైన కూర్చున్నావిడ సంగతి తెలియదు. రాత్రి చెప్పాను. స్టేజీ మీద ఆ ముక్క తనే చెప్తాడట. కాటుక డబ్బా లోపల పెట్టేశాను.