మార్చిన గాడ్జెట్-2 కోడ్‌ను బహిరంగంగా ఇచ్చేటప్పుడు ఎవరి పేర్లు, ఎక్కడ రాయాలి?

ప్రశ్న (పీహెచ్‌డీ విద్యార్థిని)

నమస్కారమండీ. నేను గెలాక్సీ సమూహాల మీద పరిశోధన చేస్తున్నాను. నా సిమ్యులేషన్లన్నీ గాడ్జెట్-2 మీదే నడుస్తాయి, అంటే విశ్వంలోని పదార్థం, వాయువు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రామ్ మీద. అయితే నేను వాడేది దాన్ని రాసిన వోల్కర్ స్ప్రింగెల్ 2005లో అందరికీ ఇచ్చిన మూలప్రతి కాదు. వాయువు వికిరణం ద్వారా శక్తిని కోల్పోయి చల్లబడే ప్రక్రియను మా బృందంలో నాకన్నా ముందున్న సీనియర్ ఒకరు అందులో చేర్చారు. ఆ పని మీద పేపర్ ఏదీ రాయకుండానే ఆయన పరిశోధన వదిలి ఉద్యోగానికి వెళ్లిపోయారు. వాయువు వేగంగా చల్లబడే చోట్ల టైమ్‌స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం) తగినంత చిన్నదవడం లేదని గమనించి ఆ భాగాన్ని నేను మార్చాను.

ఇప్పుడు మా పేపర్‌ను జర్నల్ తరఫున పరిశీలించిన రెఫరీ కోడ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. "కోరినవారికి అందజేస్తాం" అని ఒక వాక్యం రాస్తే చాలని మా గైడ్ గారు అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. కిందటేడు అలాంటి వాక్యాన్నే నమ్మి వేరొక బృందానికి మెయిల్ రాస్తే, నాలుగు నెలల తర్వాత ఒక జిప్ ఫైలు వచ్చింది. అందులో కోడ్‌ను ఏ ఎంపికలతో కంపైల్ చేయాలో చెప్పే మేక్‌ఫైల్ లేదు, సిమ్యులేషన్ విలువలుండే పారామీటర్ ఫైలూ లేదు. వాళ్ల ఫలితాన్ని మళ్లీ రాబట్టాలన్న నా ప్రయత్నం అక్కడే ఆగిపోయింది.

ఈ కోడ్‌ను బయటపెట్టే హక్కు నాకుందా? ఉంటే, సీనియర్ పేరు ఎక్కడ రాయాలి? స్ప్రింగెల్ పేపర్‌ను ఉటంకిస్తే మిగతావారి రుణం కూడా తీరినట్టేనా?

జవాబు 1

ముందుగా మీ ప్రతి ఎక్కడ పుట్టిందో తేల్చుకోండి. గాడ్జెట్-2 జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద విడుదలైంది కాబట్టి దాన్ని మార్చుకోవచ్చు, పంచవచ్చు కూడా. పంచేటప్పుడు మాత్రం మార్చిన ప్రతిని జీపీఎల్ కిందే ఇవ్వాలి, ఫైళ్ల పైనున్న కాపీరైట్ వాక్యాలను అలాగే ఉంచాలి, ఏయే ఫైళ్లను మార్చారో తెలియజేయాలి. దాని తర్వాతి వెర్షన్ గాడ్జెట్-3 సంగతి వేరు. అది బహిరంగంగా విడుదల కాలేదు, అనుమతితో ఒక బృందం నుంచి ఇంకొక బృందానికి చేతులు మారుతూ వచ్చింది. 2005 నాటి బహిరంగ ప్రతిలో వాయువు చల్లబడే భాగమే లేదు కనుక, మీ సీనియర్ దాన్ని సొంతంగా రాశారా, లేక ఎవరి దగ్గరో ఉన్న గాడ్జెట్-3 నుంచి తెచ్చి అతికించారా అన్నదే అసలు ప్రశ్న. అతికించినదైతే, రాసినవారి అనుమతి లేకుండా మీరు దాన్ని బయటపెట్టకూడదు. మూలప్రతిని దించుకుని, రెంటికీ డిఫ్ (తేడాల జాబితా) తీసి, తేడాలను వరుసగా చదవండి. సీనియర్ గారికి కూడా మెయిల్ రాసి, ఆయన సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి.

జవాబు 2

హక్కుల సంగతి పైవారు చక్కగా చెప్పారు. నేను మీ మూడో ప్రశ్న గురించి రాస్తాను. స్ప్రింగెల్ పేపర్‌ను ఉటంకించడం తప్పనిసరే, కానీ అక్కడితో ఆగకూడదని చెప్పడానికి ఆ పేపరే మంచి ఉదాహరణ. దూరపు గురుత్వాకర్షణను గడుల మీద ఫూరియర్ పద్ధతిలోనూ, దగ్గరి ఆకర్షణను ట్రీ పద్ధతిలోనూ లెక్కగట్టే ట్రీపీఎం విధానాన్ని వివరించేటప్పుడు, స్ప్రింగెల్ తనకు ముందు ఆ దారిలో పనిచేసినవారిని పేర్కొన్నారు. వారిలో మన దేశానికి చెందిన జస్జీత్ సింగ్ బాగ్లా ఒకరు. ఆయన ట్రీపీఎం పేపర్ 2002లో బెంగళూరు నుంచి వెలువడే జర్నల్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అండ్ ఆస్ట్రానమీలో వచ్చింది. వెయ్యి కోట్ల కణాలతో నడిచిన మిలేనియం సిమ్యులేషన్ వెనకున్న ఆలోచనల్లో అదీ ఒకటని నాకు విద్యార్థిగా ఉన్నప్పుడు తెలిసింది ఆ ఒక్క ఉటంకింపు వల్లే, ఆ రోజు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది.

మీ సీనియర్‌కు కూడా అలాంటి గుర్తింపు దక్కాలంటే, ఆయన పని ముందు ఉటంకించడానికి వీలైన రూపంలో ఎక్కడో ఒకచోట ఉండాలి. కృతజ్ఞతల పేరాలో పేరు రాయడం మర్యాదే, కానీ ఖగోళశాస్త్ర పేపర్ల సూచిక అయిన ఏడీఎస్ దాన్ని సైటేషన్‌గా (ఉటంకింపుగా) లెక్కపెట్టదు. అందుకని పేపర్‌కు వాడిన ప్రతిని, సరిగ్గా ఆ ప్రతినే, జెనోడోలో పెట్టండి. 2013 నుంచి సెర్న్ నడుపుతున్న ఈ భాండాగారం ఒక్కో వెర్షన్‌కు ఒక్కో డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తుంది. రచయితలుగా సీనియర్ పేరు, మీ పేరు ఉండాలి. స్ప్రింగెల్ గారిని మాత్రం రచయితగా చేర్చకండి, ఎందుకంటే మీ మార్పులను ఆయన చూడలేదు, వాటిలో తప్పులుంటే ఆ బాధ్యత ఆయన మీద పడకూడదు. మూలప్రతి ఆయనదని కోడ్‌తోపాటు ఇచ్చే రీడ్‌మీ ఫైలులో స్పష్టంగా రాసి, పేపర్‌లో ఉటంకించండి. ఆ తర్వాత 1999 నుంచి ఉన్న ఆస్ట్రోఫిజిక్స్ సోర్స్ కోడ్ లైబ్రరీలో నమోదు చేస్తే, ఆ నమోదు ఏడీఎస్‌లో కూడా కనిపిస్తుంది. గిట్‌హబ్‌లో కూడా పెడితే ఒక సైటేషన్ ఫైలు చేర్చండి. 2021 నుంచి గిట్‌హబ్ దాన్ని చదివి, ఎలా ఉటంకించాలో పేజీలోనే చూపిస్తోంది.

శీతలీకరణ రేట్ల పట్టికలను కూడా మరచిపోకండి. చాలామంది వాడేవి సదర్లాండ్, డోపిటా 1993లో ప్రచురించినవి. మీవీ అవే అయితే ఆ పేపర్‌ను ఉటంకించాల్సిందే. ఇక మీకు వచ్చిన జిప్ ఫైలు లాంటిది మీ చేతుల మీదుగా ఇంకొకరికి వెళ్లకుండా చూసుకోండి. గాడ్జెట్-2లో పీఎంగ్రిడ్ (ఫూరియర్ లెక్కకు వాడే గడుల సంఖ్య) లాంటి ఎంపికలు కంపైల్ చేసేటప్పుడే స్థిరపడిపోతాయి కాబట్టి, మేక్‌ఫైల్ లేకపోతే ఏ సిమ్యులేషన్ నడిపారో చెప్పలేం. ఫూరియర్ లెక్కలు చేసే ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ పాత రెండో తరం వెర్షన్ కావాలని, మూడో తరంతో కంపైల్ కాదని కూడా రాయండి. కొత్తవాళ్లు ముందుగా ఇబ్బంది పడేది అక్కడే.

జవాబు 3

గైడ్ గారి సంకోచాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. థీసిస్ పూర్తికాకముందే కోడ్ మొత్తం బయటికి వెళితే, మీరు రాయబోయే తర్వాతి పేపర్‌ను ఇంకెవరైనా ముందే రాస్తారేమోనన్న ఆయన భయం మీ మేలు కోరి పుట్టినదే. ఈ పేపర్‌కు వాడిన భాగం ఇప్పుడే ఇచ్చి, ఇంకా ప్రచురించని భాగాన్ని కోడ్‌లో వేరే శాఖగా (బ్రాంచ్‌గా) మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఫిలిప్ హాప్కిన్స్ రాసిన గిజ్మో అనే సిమ్యులేషన్ కోడ్‌కు కూడా బహిరంగ ప్రతి వేరు, అభివృద్ధి ప్రతి వేరు. ఈ ఉదాహరణతో మాట్లాడితే గైడ్ గారు ఒప్పుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారమంతా కూర్చుని డిఫ్ చదివాను. సీనియర్ గారికి రాస్తే ఆ రాత్రే జవాబిచ్చారు. శీతలీకరణ సమీకరణాన్ని సాధించే భాగం పూర్తిగా తానే రాశానని, జీపీఎల్ కింద ఇవ్వడానికి సంతోషంగా ఒప్పుకుంటున్నానని రాశారు. అయితే పట్టికను చదివే ఫంక్షన్ పైన రెండక్షరాల పొడి పేరుతో, "యూనిట్లు సరిచూశాను, పాతది పది రెట్లు తప్పు" అని ఒక వ్యాఖ్య కనిపించింది. అది ఎవరిదని మళ్లీ అడిగితే, వేసవి ప్రాజెక్టుకు వచ్చిన ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ఆ తప్పు పట్టుకుని, ఆ ఫంక్షన్‌ను మొదటి నుంచి తిరగరాసిందని చెప్పారు. ఆ సవరణ లేకపోతే మా ఉష్ణోగ్రతలన్నీ తప్పుగా ఉండేవి. ఇన్నేళ్లుగా మా బృందంలో ఎవరూ ఆమె పేరు ఎత్తనేలేదు.

మా గైడ్ గారు ఈ పేపర్‌కు సంబంధించినంత వరకు ఒప్పుకున్నారు. పాత జాబితాల్లో ఆ అమ్మాయి మెయిల్ దొరికింది, ఈ ఉదయమే రాశాను. జెనోడోలో డీఓఐ ముందుగా కేటాయించుకుని పేపర్‌లో రాశాను కానీ, ఆమె జవాబు వచ్చి మూడో రచయితగా పేరు చేరేదాకా ఆ రికార్డును డ్రాఫ్ట్‌గానే ఉంచుతున్నాను.