పార్ట్స్ వాషర్‌లో (యంత్ర భాగాలు కడిగే తొట్టిలో) ఎంటీఓను, అంటే మినరల్ టర్పెంటైన్ ఆయిల్‌ను వడగట్టి మళ్లీ వాడడం ఎలా?

ప్రశ్న: బేరింగులు కడిగే మినరల్ టర్పెంటైన్ త్వరగా నల్లబడుతోంది. మార్చకుండా ఎలా వాడాలి?

జవాబు 1: రంగు చూసి పారేయకండి. రాత్రంతా కదపకుండా ఉంచితే ఇనుప రజను, నీరు అడుక్కి దిగుతాయి. పైది తోడి, ముందు 50, తర్వాత 10 మైక్రాన్ల ఫెల్ట్ (ఒత్తిన నారబట్ట) బ్యాగుల్లో వడగట్టండి. నేరుగా 10 పెడితే గ్రీజుతో మూసుకుపోతుంది. డ్రమ్ముకు, పంపుకు ఎర్తింగ్ తప్పనిసరి. ఆవిరి స్టాటిక్ విద్యుత్ నిప్పురవ్వకే అంటుకుంటుంది.

జవాబు 2: పై వివరాలు సరైనవే. కానీ అండీ, కరిగిన నూనెను ఏ బ్యాగూ ఆపలేదు. గాజుపలకపై చుక్క వేసి ఆరనివ్వండి. జిడ్డు మిగిలితే ఆ ద్రవం తొలి కడుగుకే, ఆఖరి కడుగుకు కొత్తది. నూనె కూడా పోవాలంటే డిస్టిలేషన్ (మరిగించి, ఆవిరిని చల్లార్చి తిరిగి పట్టడం) చేయించాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం కలపకండి, డ్రమ్ము మొత్తం రీసైక్లింగ్‌కు పనికిరాకుండా పోవచ్చు.

జవాబు 3: మడ్డి, వాడిన బ్యాగులు ప్రమాదకర వ్యర్థాలే. కేంద్ర ప్రభుత్వ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు.