గ్రాఫిటీ వేసిన కుర్చీ: చిత్రమా, వడ్రంగమా?

నెల్లూరు సభ్యుడు (చర్చ ప్రారంభం):
చిత్రలేఖనాన్నీ, గోడరాతల (గ్రాఫిటీ) తీరునూ, చెక్క సామానునూ ఒకే వస్తువులో కలిపే కళాకారులు ఇప్పుడు కనిపిస్తున్నారు. వీధి గోడపై స్ప్రే డబ్బాతో రాసే అక్షరాలను కుర్చీ వీపు మీద, బీరువా తలుపు మీద వేసి, చిత్రం ధరకు అమ్ముతున్నారు. నేను దీనిని గ్రాఫిటీగా ఒప్పుకోను. ఎవరి అనుమతీ అడగకుండా, దారిన పోయే ప్రతివారికీ కనబడేలా రాయడమే దాని బలం. అది పడకగదిలోకి చేరాక మిగిలేది అలంకారమే.

కావలి చిత్రలేఖనోపాధ్యాయుడు:
ఏకీభవించలేను. 1970ల చివర అల్ డియాజ్‌తో కలిసి న్యూయార్క్ గోడలపై ‘సామో’ పేరుతో రాతలు రాసిన అమెరికా చిత్రకారుడు జాన్ మిషెల్ బాస్కియా, ఆ తరువాత వీధుల్లో దొరికిన తలుపుల మీదా, కిటికీల మీదా బొమ్మలు వేశాడు. ఆయన 1982 నాటి చిత్రం ఒకటి 2017 వేలంలో 11 కోట్ల డాలర్లకు పైగా పలికింది. ధర పెరిగినంత మాత్రాన ఆ గీతలోని తెగువ పోయిందని ఎవరూ అనలేదు.

ఉదయగిరి సభ్యుడు:
మాస్టారూ, దొరికిన తలుపు వేరు, కూర్చోవడానికి చేసిన కుర్చీ వేరు. మా ఊరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటికి రంగు వేయరు, ఎందుకంటే కర్ర నునుపూ, చారలే వాటి అందం. కొండపల్లి బొమ్మ తీరు వేరు: తేలికైన పొణికి కర్రకు రంగు పడితేనే ముఖం వస్తుంది. కాబట్టి రంగు తప్పని నేననను. ఆ రంగు కర్రతో ఏం చేస్తున్నదని అడుగుతాను. నెదర్లాండ్స్‌కు చెందిన సామాను రూపకర్త రీట్వెల్డ్ 1918 ప్రాంతంలో రూపొందించిన కుర్చీకి మొదట రంగుల్లేవు. 1923 ప్రాంతంలో దానికి ఎరుపు, నీలం వేసి, చట్రాన్ని నల్లగా చేసి, కర్రల కొసలకు మాత్రం పసుపు పూశాడు. ఏ కర్ర ఎక్కడ ఆగిందో, ఏది దేనిని దాటి పోయిందో ఆ పసుపే చూపుతుంది. ఇప్పుడు వచ్చే చాలా సామానులో ఇందుకు విరుద్ధంగా, సరిగా ఆరని కర్రకు మందంగా లప్పం పట్టించి, కుసులు (కర్రలు ఒకదానిలో ఒకటి దిగే అతుకులు) వదులుగా ఉన్నా కనబడకుండా పైన రంగు కొడుతున్నారు. మన సముద్రపు గాలికి కర్ర ఉబ్బి తగ్గితే ముందు పగిలేది ఆ రంగే. పైగా చిత్రిక పట్టి, బెజ్జం తొలిచిన వడ్రంగి పేరు ఎక్కడా ఉండదు, సంతకం చిత్రకారుడిదొక్కటే. నాకున్న అసలు అభ్యంతరం ఇదే.

కావలి చిత్రలేఖనోపాధ్యాయుడు:
రెండు పేర్లూ ఉండాలన్నది న్యాయమే.

నెల్లూరు సభ్యుడు:
సంతకం సంగతి నేనూ ఒప్పుకుంటాను. అయితే అది గ్రాఫిటీయేనని నిరూపించాలంటే ఆ కుర్చీని బస్టాండులో వేయమనండి. ఎవరైనా కూర్చోవాలి, ఇష్టమున్నవారు దానిపై ఇంకో గీత గీయాలి. అందుకు సిద్ధపడే కళాకారుడు ఎవరైనా ఉన్నారా?

ఉదయగిరి సభ్యుడు:
ఉంటే, ఎండకూ వానకూ ఆగే కర్ర ఏదో ముందుగా వడ్రంగినే అడగమని చెప్పండి.