280 కోట్ల డాలర్లు వచ్చాయి, గిరిగీతలు చెరిగాయా?

శ్రీనివాస్: అమెరికాలో బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ అనే ఒకే పేరుతో నడిచే వేర్వేరు ఆరోగ్య బీమా సంస్థలు దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని పరస్పరం పోటీ పడకుండా చూసుకున్నాయని, అందుకే తమకు చెల్లింపులు తగ్గాయని ఆసుపత్రులు, వైద్యులు 2012లో మొదలైన వ్యాజ్యాలలో వాదించారు. 2024 అక్టోబరులో ఆ సంస్థలు తప్పు ఒప్పుకోకుండానే 280 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. 2025 ఆగస్టులో అలబామా ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ ప్రాక్టర్ దానికి తుది ఆమోదం తెలిపారు. వైద్యులు గెలిచినట్టేనా?

మాధవి: గెలిచారని నేను అనలేను. ఖర్చులు పోగా మిగిలే సొమ్ములో 92 శాతం ఆసుపత్రులకు, 8 శాతం వైద్య నిపుణులకు వెళుతుంది. 2008 నుంచి 2024 దాకా సేవలందించిన వారందరూ ఆ 8 శాతాన్నే పంచుకోవాలి. డబ్బు సంగతి అలా ఉంచండి. టెనెస్సీ రాష్ట్రపు బ్లూ సంస్థ ఇచ్చిన బీమా కార్డుతో ఒక రోగి అలబామా క్లినిక్‌కు వస్తే, కార్డు నంబరులోని మొదటి మూడు అక్షరాలను బట్టి అది ఎక్కడి సంస్థదో గుర్తిస్తారు. అయినా క్లెయిము అలబామా సంస్థకే పంపాలి, చెల్లింపు కూడా ఆ సంస్థతో కుదిరిన రేటు ప్రకారమే వస్తుంది. టెనెస్సీ సంస్థ అలబామాలోకి వచ్చి, అంతకన్నా మంచి రేటు ఇస్తానని ఆ వైద్యుణ్ణి పిలిచే వీలు సాధారణంగా లేదు. ఈ క్లెయిముల పద్ధతిని మెరుగుపరచడానికి ఒప్పందంలో మంచి షరతులే ఉన్నాయి, కానీ ప్రాంతాల పంపకం మాత్రం రద్దు కాలేదు.

వెంకటేశ్వర్లు: మాధవి గారూ, బీమా సంస్థ రేట్లు తగ్గించి బేరమాడితే ఆ లాభం ప్రీమియం కట్టే కుటుంబానికి చేరవచ్చు కదా? చాలా ఊళ్లలో ఆసుపత్రులే ఒకదానిలో ఒకటి విలీనమై ధరలు పెంచుతున్నాయి. వారి వ్యాజ్యాన్ని ప్రజల పోరాటంగా చూడడం నాకు కష్టంగా ఉంది.

మాధవి: విలీనాల గురించి మీరన్నది నిజమే, వాటినీ అడ్డుకోవలసిందే. అయితే ఆ లాభం కుటుంబాలకు చేరిందనడం కుదరదు: ఇదే పంపకం వల్ల ప్రీమియంలు పెరిగాయని పాలసీదారులు వేసిన వ్యాజ్యాన్ని కూడా ఈ సంస్థలు 267 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. ఆ రాజీలో, ఒక్కో బ్లూ సంస్థ దేశవ్యాప్త ఆదాయంలో మూడింట రెండు వంతులు ఆ బ్రాండు కిందనే రావాలంటూ, వేరే పేరుతో పోటీని కట్టడి చేసిన నిబంధన తొలగింది. ఇక నన్ను అన్నిటికన్నా కలచివేసేది మరొకటి. వేర్వేరు క్లినిక్‌లు నడిపే స్వతంత్ర వైద్యులు కూడబలుక్కుని ఫీజు నిర్ణయిస్తే, అది గరిష్ఠ పరిమితే అయినా పోటీని దెబ్బతీసే కుమ్మక్కులను నిషేధించే షెర్మన్ చట్టాన్ని నేరుగా ఉల్లంఘించడమేనని అమెరికా సుప్రీంకోర్టు 1982లో అరిజోనా కేసులో తేల్చింది. అలాంటి పిల్లల వైద్యులు ఇద్దరు కలిసి రేటు మాట్లాడుకోకూడదు. ముప్పైకి పైగా బీమా సంస్థలు మాత్రం ఒకే బ్రాండు పేరుతో పటం మీద గీతలు గీసుకుని వాటిని నిలుపుకోగలిగాయి. ఒప్పందం నుంచి వైదొలగి విడిగా దావా వేసిన ఆసుపత్రులు ఈ ప్రశ్నను తీర్పు దాకా తీసుకువెళ్లాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.